తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో వృద్ధుల మధుమేహం: నివారణ, జాగ్రత్తలు

కృష్ణా పశ్చిమ డెల్టాలోని తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ అరవై దాటినవారిని బాధించే దీర్ఘకాలిక జబ్బుల్లో రెండో రకం మధుమేహం ముఖ్యమైనది. జనం దీన్ని షుగరు అంటారు. ఒంట్లో తయారయ్యే ఇన్సులిన్ చాలకపోవడం, ఉన్నది సరిగా పనిచేయకపోవడం వల్ల రక్తంలో గ్లూకోజు పెరిగి, ఏళ్ల తరబడి చాపకింద నీరులా గుండె, మూత్రపిండాలు, కళ్లు, నరాలు, పాదాలను దెబ్బతీస్తుంది. చాలామందిలో దీనికి రక్తపోటు తోడవుతుంది. వయసుతో పాటు ముప్పు పెరిగే మాట నిజమే గాని, ముసలితనంలో షుగరు తప్పదన్న మాట నిజం కాదు. ఈ ప్రాంతంలో పొలం పని తగ్గినంతగా కంచంలో అన్నం తగ్గకపోవడమే సమస్యకు పెద్ద మూలం. అందువల్ల నివారణకు దారి కూడా చాలావరకు ఇంట్లోనే ఉంది.

ప్రాంతం, నేపథ్యం

తెనాలి గుంటూరు జిల్లాలో ఉంది. బాపట్ల, రేపల్లె 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. 1855లో విజయవాడ దగ్గర కృష్ణపై ఆనకట్ట పూర్తయ్యాక కాలువల కింద మాగాణి విస్తరించి, వరి ఇక్కడి ప్రధాన పంటగా స్థిరపడింది. కోతలయ్యాక అదే మాగాణిలో మినుము చల్లడం ఆనవాయితీ. దుగ్గిరాల వైపు పసుపు, కంద, కృష్ణ ఒడ్డు లంకల్లో అరటి, కూరగాయలు పండుతాయి. నిజాంపట్నం, సూర్యలంక వైపు సముద్రపు చేప దొరుకుతుంది. 1945లో మొదలైన బాపట్ల వ్యవసాయ కళాశాల, అక్కడి వరి పరిశోధన ఈ పంటల చరిత్రలో భాగం. తెలుగువారు సాంబ మసూరిగా ఎరిగిన బీపీటీ 5204 బాపట్లలో రూపొంది 1986లో విడుదలైంది. సన్నబియ్యం అనగానే చాలా ఇళ్లలో గుర్తొచ్చేది అదే.

ఒక తరం కిందటి వరకు నాట్లు, కలుపు, కోత, నూర్పిడి అన్నీ మనుషుల చేతుల మీదే సాగేవి. వరికోత యంత్రాలు, ట్రాక్టర్లు, కలుపు మందులు వచ్చాక ఆ శ్రమ చాలావరకు పోయింది. పొలానికి నడిచే దూరం మోటారు సైకిల్ మీదికి మారింది. మరోవైపు రాష్ట్రంలో సంతానోత్పత్తి రేటు 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన 1.7కు పడిపోయింది. పిల్లలు హైదరాబాదుకో, బెంగళూరుకో, అమెరికాకో వెళ్లిన ఇళ్లలో తల్లిదండ్రులు ఇద్దరే, లేదా ఒక్కరే మిగిలిన వీధులు తెనాలి చుట్టుపక్కల చాలా ఉన్నాయి. వృద్ధుల మధుమేహాన్ని ఈ పరిస్థితుల నుంచి విడదీసి చూడలేం.

వ్యాప్తి

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో సాగిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం, మరో 13.6 కోట్ల మందికి దాని ముందు దశ ఉన్నట్టు అది అంచనా వేసింది. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పదిహేనేళ్లు పైబడినవారిలో ప్రతి అయిదుగురిలో ఇంచుమించు ఒకరికి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంది, లేదా వారు అందుకు మందు వాడుతున్నారు.

పల్లెల్లో షుగరు తక్కువన్న నమ్మకాన్ని ఇరవై ఏళ్ల కిందటే గోదావరి డెల్టా సర్వే తోసిపుచ్చింది. ఉభయ గోదావరి జిల్లాల్లో నడిచిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమంలో భాగంగా ఇరవై గ్రామాల్లో ముప్పై ఏళ్లు దాటినవారిని పరీక్షించారు. సుమారు 13 శాతం మందికి మధుమేహం ఉన్నట్టు 2006లో ప్రచురితమైన ఫలితాలు చూపాయి. వారిలో దాదాపు సగం మందికి తమకు జబ్బు ఉన్నట్టే తెలియదు. వరి, కాలువలు, యంత్రాల సేద్యం, వలసలు కృష్ణా డెల్టాలోనూ అవే కనుక ఆ ఫలితం ఇక్కడివారికీ హెచ్చరికే.

ముందే గుర్తించడం

చెన్నైలోని మద్రాసు డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ 2005లో ప్రకటించిన భారతీయ మధుమేహ ముప్పు పట్టికకు రక్తపరీక్షతో పని లేదు, కొలత టేపు చాలు. మొత్తం నూరు మార్కులు. వయసు యాభై దాటితే 30 పడతాయి. నడుము చుట్టుకొలత ఆడవారికి 80 నుంచి 89 సెంటీమీటర్లు, మగవారికి 90 నుంచి 99 ఉంటే 10, అంతకు మించితే 20. శారీరక శ్రమ, వ్యాయామం ఏదీ లేకపోతే 30. తల్లిదండ్రుల్లో ఒకరికి షుగరు ఉంటే 10, ఇద్దరికీ ఉంటే 20. మొత్తం 60 గాని అంతకు పైన గాని వస్తే ముప్పు ఎక్కువని అర్థం.

ఉదాహరణకు రేపల్లెలో అరవై రెండేళ్ల గృహిణి ఒకరిని ఊహించుకుందాం. నడుము 86 సెంటీమీటర్లు. ఇంటిపని మనిషి చూసుకుంటుంది, నడక అలవాటు లేదు. తల్లికి షుగరు ఉండేది. వయసుకు 30, నడుముకు 10, కదలిక లేనందుకు 30, వారసత్వానికి 10 కలిపి 80. ఇందులో వయసు, వారసత్వాల 40 మార్కులను ఎవరూ మార్చలేరు. మిగిలిన 40 ఆమె చేతిలోనే ఉన్నాయి.

నిర్ధారణ మాత్రం రక్తపరీక్షతోనే జరగాలి. పరగడుపున డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు, లేదా గ్లూకోజు తాగిన రెండు గంటలకు 200, లేదా మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం, లేదా అంతకు మించి ఉంటే మధుమేహం కింద లెక్క. లక్షణాలు లేనప్పుడు రెండోసారి పరీక్షించి ఖాయం చేసుకుంటారు. గ్లూకోజు తాగాక 140 నుంచి 199 వరకు, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకు ఉంటే ముందు దశ. వృద్ధుల్లో రెండు చిక్కులు గమనించాలి. చాలామందికి పరగడుపు చక్కెర మామూలుగానే ఉండి, తిన్నాక పెరుగుతుంది. పొద్దున్నే చేసే ఒక్క పరీక్షకు అది దొరకదు. రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ అంకె తప్పుదారి పట్టించవచ్చు. డెల్టా ఆడవారిలో రక్తహీనత అరుదేమీ కాదు.

నివారణకు ఉన్న ఆధారాలు

ముందు దశలో ఉన్నవారు అలవాట్లు మార్చుకుంటే జబ్బు రాక వెనక్కి జరుగుతుందని మొదట పెద్ద ఎత్తున చూపింది చైనాలోని డాచింగ్ నగరం. 1986లో అక్కడ మొదలైన అధ్యయనంలో ఆరేళ్లు ఆహారం, వ్యాయామం సరిదిద్దుకున్నవారికి మధుమేహం సగటున దాదాపు నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చినట్టు ముప్పై ఏళ్ల తర్వాతి లెక్కల్లో తేలింది. అమెరికాలో 3,234 మందితో జరిగి 2002లో వెలువడిన ప్రయోగంలో వారానికి 150 నిమిషాల నడక, ఒంటి బరువులో 7 శాతం తగ్గింపు అనే లక్ష్యాలు ముప్పును 58 శాతం తగ్గించాయి. అరవై ఏళ్లు దాటినవారిలో ఆ తగ్గుదల 71 శాతం. పెద్దవయసులో అలవాట్లు మార్చుకుని లాభమేమిటనే ప్రశ్నకు ఇంతకంటే గట్టి జవాబు లేదు.

మన ఒళ్లు వేరు, మన తిండి వేరు అనేవారికి చెన్నై ప్రయోగం ఉంది. ముందు దశలో ఉన్న 531 మందిని మూడేళ్లు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించారు. మామూలు సలహా మాత్రమే అందినవారిలో 55 శాతం మందికి షుగరు రాగా, ఆహారం, నడకలో మార్పులు పాటించినవారిలో 39 శాతం మందికే వచ్చింది. మెట్‌ఫార్మిన్ మాత్ర కూడా ఇంచుమించు అంతే పనిచేసింది. రెండూ కలిపితే అదనపు లాభం కనిపించలేదు. మాత్ర మింగడంతో నడక అవసరం తీరిపోదని, ఆహారం, నడకల్లో మార్పులే చాలామందికి మాత్రంత మేలు చేయగలవని ఈ ప్రయోగం తేల్చింది.

ఆహారం

ఈ ప్రాంతంలో షుగరును జిలేబీతో ముడిపెట్టడం మామూలు. బెల్లం పాకంలో ఊరిన తెనాలి జిలేబి పేరుపడ్డ మిఠాయే గాని, అది రోజూ తినేది కాదు. అన్నం రోజూ రెండు పూటలా తినేది. వండిన అన్నం నూరు గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. పూటకు నాలుగు వందల గ్రాముల అన్నం కలుపుకునే మనిషి 110 గ్రాములకు పైగా పిండిపదార్థం తిన్నట్టే. అందులో పప్పన్నం ఒక వాయి, కూరన్నం ఒక వాయి, చారు, పెరుగు, మధ్యలో ఆవకాయ వాయి. కూరలు మారుతున్నా ప్రతి వాయికీ అన్నం కొత్తగా వడ్డిస్తూనే ఉంటారు. మన దేశస్థుల ఆహారంలో 62 శాతం దాకా శక్తి పిండిపదార్థాల నుంచే వస్తోందని, అందులో కొంత వాటాను మాంసకృత్తులతో భర్తీ చేస్తే ముప్పు తగ్గుతుందని ఇండియాబ్ పరిశోధకులు 2025లో చూపారు.

ఆచరణలో ఇది కష్టమైన పథ్యం కాదు. ముందు కూర, పప్పు వడ్డించుకుని, అన్నం వాయిలు తగ్గించుకోవాలి. కంచంలో సగం సొర, బీర, దోస, వంకాయ, గోంగూర, తోటకూర లాంటివి, పావు వంతు పప్పు, గుడ్డు, చేప, పావు వంతు అన్నం అనే లెక్క గుర్తుంచుకుంటే చాలు. పొద్దున టిఫిన్‌కు ఉప్మా నింపని పెసరట్టు మైదా పూరీ కంటే ఎంతో మేలు. మినుములు, పెసలు ఇక్కడే పండుతాయి. మాంసకృత్తులకు ఖరీదైన పొడులు కొననక్కర్లేదు. జొన్న, రాగి, కొర్ర మంచివే గాని వాటిలోనూ పిండిపదార్థం ఉంటుంది, కొలత తప్పకూడదు. హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర పరిశోధన కేంద్రం, వరి పరిశోధన సంస్థ కలిసి ఆకు ఎండు తెగులు తట్టుకునేలా రూపొందించిన మెరుగైన సాంబ మసూరి రకానికి గ్లైసీమిక్ సూచీ, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో తెలిపే అంకె, 50.99. సూచీ 55 దాటకపోతే తక్కువగా పరిగణిస్తారు. రకం మంచిదే అయినా, సూచీ తక్కువని రెట్టింపు తింటే ప్రయోజనం ఉండదు.

ఉప్పు మీద డెల్టావాసులు మరింత జాగ్రత్తపడాలి. రోజుకు అయిదు గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచాడు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఊరగాయ, గోంగూర పచ్చడి, ఉప్పు పట్టించిన ఎండుచేప, అప్పడాలు, వడియాలు కలిస్తే ఆ మోతాదు తేలిగ్గా దాటిపోతుంది. పచ్చడి పూర్తిగా మానలేకపోతే రోజుకు ఒక పూటకు, గోలీకాయంత ముద్దకు పరిమితం చేసుకోవచ్చు. మూత్రపిండాలు బలహీనపడినవారు పొటాషియం కలిసిన ప్రత్యేక ఉప్పులను డాక్టరు చెప్పకుండా వాడకూడదు.

కాకర రసం, మెంతులు, నేరేడు గింజల పొడి, పొడపత్రి ప్రతి ఊళ్లోనూ వినిపించే పేర్లు. మెంతులు తిన్నాక పెరిగే చక్కెరను కొంత తగ్గిస్తాయి. అంతమాత్రాన వాటిని నమ్మి వాడుతున్న మాత్ర ఆపడం ప్రమాదం. అన్నం పూర్తిగా మాన్పించి నూనెలు తాగించే పథ్యాలను, మాత్రలు వాడుతున్న డెబ్బై ఏళ్లవారు సొంతంగా మొదలుపెడితే చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు.

నడక, కండబలం

అరవై అయిదు దాటినవారికి కూడా వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, వారంలో మూడు రోజులు తూలకుండా నిలబడే సాధన, కండరాలకు పని అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. తీరప్రాంతపు ఉక్కలో వేసవి నడక తెల్లవారుజామునే ముగించాలి. ఒకేసారి ముప్పావుగంట నడవలేనివారు ప్రతి భోజనం తర్వాత పదిహేను నిమిషాలు నడిస్తే చాలు. తిన్నాక పెరిగే చక్కెరకు, ముఖ్యంగా రాత్రి భోజనం తర్వాత, ఈ చిన్న నడక బాగా పనిచేస్తుంది. వాన పడితే వరండాలోనైనా సరిపోతుంది.

బరువు తగ్గడంలో వృద్ధులకు ఒక మెలిక ఉంది. తిండి మాత్రమే తగ్గిస్తే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. కండ పోతే కూర్చున్నచోటి నుంచి లేవలేరు, పడిపోతారు. తుంటి ఎముక విరిగితే మంచాన పడతారు. అందుకని చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మునివేళ్లపై లేవడం లాంటివి రోజూ చేయాలి. ఇప్పటికే బక్కచిక్కినవారు బరువు తగ్గించే ప్రయత్నమే చేయకూడదు.

వయసు తెచ్చే ప్రత్యేక ప్రమాదాలు

వృద్ధులకు చక్కెర పెరగడం కంటే హఠాత్తుగా పడిపోవడం తక్షణ ప్రమాదం. మాత్ర వేసుకుని టిఫిన్ ఆలస్యం చేసినా, కార్తీక సోమవారమో ఏకాదశో ఉపవాసమున్నా, రంజాన్ రోజా పాటించినా ఇది జరగవచ్చు. చెమటలు, వణుకు, తికమక మాటలు దీని గుర్తులు. చాలాసార్లు ఇంట్లోవాళ్లు నీరసమనో మతిమరుపనో అనుకుంటారు. 70 మిల్లీగ్రాముల లోపుంటే మూడు చెంచాల చక్కెర గాని గ్లూకోజు పొడి గాని నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేనివారికి నోట్లో ఏమీ పోయకుండా 108 అంబులెన్సుకు ఫోన్ చేయాలి. గ్లైబెన్‌క్లమైడ్ లాంటి పాత మాత్రలు పెద్దవారిలో చక్కెరను ఎక్కువసేపు పడగొడతాయి కనుక వైద్యులు ఇప్పుడు వాటిని తప్పిస్తున్నారు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులకు హెచ్‌బీఏ1సీ 7 నుంచి 7.5 లోపు, అనేక జబ్బులున్నవారికి 8 లోపు ఉంటే చాలన్నది నేటి పద్ధతి.

పాదాలది మరో కథ. నరాలు మొద్దుబారితే ముల్లు గుచ్చుకున్నా తెలియదు. మాగాణి బురదలో, గుడి ప్రాంగణంలో, ఇంట్లో చెప్పుల్లేకుండా తిరిగే అలవాటు ఉన్నచోట చిన్న పుండే వేలు తీసేసేదాకా తెస్తుంది. రోజూ రాత్రి వేళ్ల సందులు, అరికాళ్లు చూసుకోవాలి. వంగలేనివారు నేలమీద అద్దం పెట్టుకోవచ్చు, లేదా మనవళ్లను చూడమనవచ్చు. మడమల పగుళ్లకు కొబ్బరినూనె రాయాలి గాని వేళ్ల సందుల్లో తడి ఉంచకూడదు. వేడినీళ్లలో కాళ్లు పెట్టకూడదు. స్పర్శ తగ్గినవారికి మెత్తటి మైక్రో సెల్యులార్ రబ్బరు (ఎంసీఆర్) చెప్పులు మంచివి.

కంటి తెర జబ్బు చూపు పోయేదాకా నొప్పి చూపదు. అందుకని ఏటా ఒకసారి కంట్లో చుక్కలు వేయించి పరీక్ష చేయించాలి. పెదకాకాని శంకర కంటి ఆసుపత్రి, విజయవాడ దగ్గరి ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ ఈ ప్రాంతంవారికి అందుబాటులో ఉన్నాయి. మూత్రపిండాల విషయంలో షుగరు, బీపీలతో పాటు మోకాళ్ల నొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గరో మందుల షాపులోనో అడిగి తీసుకునే నొప్పి మాత్రలు కూడా నేరస్థులే. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో, ముఖ్యంగా శాకాహారుల్లో, బి12 విటమిన్ తగ్గి కాళ్ల తిమ్మిర్లు రావచ్చు. వాటన్నిటినీ షుగరు ఖాతాలో వేయకుండా పరీక్షించాలి. మధుమేహం ఉన్నవారికి క్షయ ముప్పు రెండు మూడింతలు ఎక్కువ. రెండు వారాలు దాటిన దగ్గును అశ్రద్ధ చేయకూడదు. చుట్ట, బీడీ, ఖైనీ మానడం గుండెకూ కాళ్ల రక్తనాళాలకూ ఏ మాత్రకూ తీసిపోని మేలు.

వైద్య సేవలు

ముప్పై ఏళ్లు దాటిన ప్రతివారినీ షుగరు, బీపీలకు పరీక్షించడం జాతీయ అసాంక్రామిక వ్యాధుల కార్యక్రమం లక్ష్యం. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి వయసు, పొగ, మద్యం, నడుము, వ్యాయామం, వారసత్వం అడిగి మార్కులు వేస్తుంది. నాలుగు దాటినవారిని ముందుగా ఏఎన్‌ఎం దగ్గరికి పంపుతుంది. 2020 జులై 1న రాష్ట్రంలో 108 అంబులెన్సు, 104 సంచార వైద్య సేవలకు 1,088 వాహనాలు ప్రారంభమయ్యాయి. 104 బండి ఊరికి వచ్చిన రోజున బీపీ, షుగరు మాత్రలు ఉచితంగా ఇస్తారు. డాక్టరు పల్లెకే వచ్చే ఫ్యామిలీ డాక్టర్ విధానం 2023 ఏప్రిల్‌లో మొదలైంది. పెద్ద చికిత్సలకు గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, 2019లో బయటి రోగులను చూడడం ప్రారంభించిన మంగళగిరి ఎయిమ్స్ ఉన్నాయి. డెబ్బై దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా అయిదు లక్షల రూపాయల వరకు వర్తించే ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరు 29న ప్రారంభించింది.

తుపాన్లు, వరదలు

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వదిలినప్పుడు కొల్లూరు, రేపల్లె వైపు లంక గ్రామాలు మునిగాయి. ఇలాంటప్పుడు పునరావాస కేంద్రంలో దొరికే పులిహోర పొట్లం, తప్పిన మాత్ర, కరెంటు లేని ఫ్రిజ్ షుగరున్న వృద్ధులకు వరదతో సమానమైన ఆపద. రెండు వారాల మాత్రలు, మందుల చీటీ నకలు, గ్లూకోజు పొడి, మూసిన చెప్పులు ఒక నీరు చొరని సంచిలో అక్టోబరు నాటికే సిద్ధంగా ఉంచుకోవాలి. వాడకంలో ఉన్న ఇన్సులిన్ సీసా చల్లని చోట సుమారు నాలుగు వారాలు నిలుస్తుంది. ఫ్రిజ్ లేకపోతే తడి ఇసుక పోసిన కుండలో మరో చిన్న కుండ పెట్టి, అందులో సీసా ఉంచవచ్చు. నిల్వ సీసాలు మాత్రం గడ్డకట్టించకుండా చలువలోనే దాచాలి.

ఏడాది లెక్క

ముప్పు ఉండి ఇంకా జబ్బు రానివారికి ఏటా ఒకసారి తిన్నాక చక్కెర, బీపీ, నడుము కొలత చాలు. జబ్బు ఉన్నవారు మూడు నుంచి ఆరు నెలలకు ఒకసారి హెచ్‌బీఏ1సీ, ఏటా ఒకసారి మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్, కొలెస్టరాల్, కళ్లు, పాదాలు చూపించుకోవాలి. ప్రతిసారీ బీపీని కూర్చున్నప్పుడూ, లేచి నిలబడ్డాకా చూడాలి. నిలబడగానే బీపీ పడిపోయేవారికి మాత్రల మోతాదు మార్చాలి. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి డాక్టరును అడగాలి. ఒంటరిగా ఉండే తల్లిదండ్రులకు దూరదేశంలోని పిల్లలు ఫోన్ చేసినప్పుడు షుగరెంతుందని అంకె ఒక్కటే అడగడం కంటే, టిఫిన్ ఎప్పుడు తిన్నారు, మాత్ర ఎప్పుడు వేసుకున్నారు, ఈ వారం ఎక్కడైనా తూలారా, కాళ్లు చూసుకున్నారా అని అడిగితే ముప్పు ముందే బయటపడుతుంది.